రామగిరి వైద్యగ్రంథమును మేహపూర్వరూప విచారమును

విజయనగరమునకు ఈశాన్యదిక్కున నించుమించు పండ్రెండు కిలోమీటర్ల దూరమున, నెల్లిమర్ల మండలములో, రామతీర్థమను గ్రామము కలదు. కోదండరామస్వామి సన్నిధిచేత నీ గ్రామము భక్తలోకమునకు సుపరిచితము. చరిత్ర పరిశోధకులకు మాత్రము గ్రామము నానుకొనియున్న బోడికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ యను మూఁడు ఱాతికొండలు ముఖ్యములు. గురుభక్తులకొండమీఁద బౌద్ధుల స్తూప చైత్య విహారముల శిథిలములున్నవి. 1910 ప్రాంతమున పురావస్తుశాఖకుఁ జెందిన అలెగ్జాండరు రీ వీనిని త్రవ్వించి లోకమునకుఁ దెలియఁజేసెను. దుర్గకొండయందు జైనుల గుహయు, తీర్థంకర విగ్రహములును గలవు. ఆ గుహగోడమీఁద తూర్పుచాళుక్యుఁడగు విమలాదిత్యుని కాలపు కన్నడశాసన మొకటి చెక్కఁబడియున్నది.

నిరుడు మాఘమాసమున నేనా శాసనస్థలమును జూడఁబోయితిని. నాకప్పటి కేఁబదియొకటవ యేఁడు నడుచుచుండెను. కొండ మిక్కిలి యెత్తైనది కాదు. అయినను సగము దారిలోనే నోరు పిడచకట్టుకొనిపోయి, కాళ్ళు బరువెక్కి, ఒక బండమీఁదఁ గూలఁబడితిని. అంతకుఁ బూర్వమొక యేఁడాదినుండియు మధ్యాహ్న భోజనమైన పిమ్మట పాఠము చెప్పుచునే కునుకుపాట్లు పడుట, రాత్రి రెండుమాఱులు లఘుశంకకై లేచుట, అరికాళ్ళు మండుట మున్నగునవి నాకుఁ గలుగుచుండెను. ఇంటిలోనివారు వయసు ముదిరినదనిరి. వైద్యమెఱిఁగిన బంధువొకరు వేఁడి చేసినదనిరి. నాతోడి తెలుఁగు పండితుఁడు, "మీ తండ్రిగారికి మేహము గలదుగదా, ఇదియు నదియే" యని నిశ్చయించెను. కొండనుండి దిగివచ్చిన వారమునకు రక్తపరీక్ష చేయింపఁగా, పరగడుపున నెత్తుటిలోని చక్కెర డెసిలీటరునకు 112 మిల్లీగ్రాములుగాను, మూఁడునెలల సగటును దెలుపు హెచ్‌బీఏ1సీ 6.0 శాతముగాను వచ్చినవి. వైద్యుఁడు కాగితము చూచి, "వ్యాధి యని చెప్పరాదు, లేదనియుఁ జెప్పరాదు" అనెను.

ఈ నడిమి స్థితికి మన శాస్త్రమున స్థానమున్నదా? ఉన్నయెడల పూర్వులు చెప్పినదియు నేఁటివారు కొలుచునదియు నొక్కటియేనా? ఈ ప్రశ్నలు నన్నుఁ బట్టుకొనినవి. నేను గూలఁబడిన కొండల నడుమనే, పెక్కుమంది పరిశోధకుల యభిప్రాయమున, వేయిన్నిరెండువందల యేండ్ల క్రిందట నొక గొప్ప వైద్యగ్రంథము పూర్తియైనది. కావున స్థలనిర్ణయముతోనే విచారము నారంభించుట యుక్తము.

1. రామగిరి యేది?

ఉగ్రాదిత్యాచార్యుఁడను జైనముని సంస్కృతమున కల్యాణకారకమను వైద్యగ్రంథమును రచించెను. దీనిని వర్ధమాన పార్శ్వనాథశాస్త్రి పరిష్కరించి 1940లో షోలాపురమున ముద్రింపించెను. తన గురువు శ్రీనంది యనియు, ఆయన పాదములు విష్ణురాజపరమేశ్వరుని కిరీటముచే నలంకృతములనియు, తాను గ్రంథమును రామగిరియందు రచించితిననియు ఉగ్రాదిత్యుఁడు చెప్పుకొనెను. ఆ రామగిరి వేంగీశుని త్రికళింగదేశమున నున్నదనియు, జినాలయములతోను గుహలతోను నొప్పుచున్నదనియు వర్ణించెను. గ్రంథాంతమునఁ జేర్పఁబడిన హితాహితాధ్యాయము మాంసభక్షణము నిష్ప్రయోజనమని నృపతుంగుని సభలో వైద్యవిద్వాంసుల యెదుట జరిగిన వాదము. నృపతుంగుఁడనఁగా 814 మొదలు 878 వఱకు నించుమించుగా రాజ్యమేలిన రాష్ట్రకూట అమోఘవర్షుఁడు. విష్ణురాజు వేంగీచాళుక్యుఁడైన నాలుగవ విష్ణువర్ధనుఁడని పలువురు తలఁచిరి. కావున గ్రంథకర్త క్రీ. శ. 9వ శతాబ్ది పూర్వార్ధమువాఁడగును.

ఈ రామగిరి నాగపురము చేరువనున్న రామటెక్ అని కొందఱు, విజయనగర ప్రాంతపు రామతీర్థమని కొందఱు నిర్ణయించిరి. నామసాదృశ్యమును మాత్రమే చూచినచో రెండు పక్షములును సమానములే. దేశమున రాముని పేరుగల కొండలకుఁ గొదవలేదు. అందువలన పేరునకుఁ దోడుగా వేఱు సాక్ష్యములు కావలెను.

మొదటిది: గ్రంథకర్త యే వేంగీశుని పేరును త్రికళింగమును జెప్పెను. రామటెక్ వేంగీరాజ్యమున నుండినదనుట కష్టము. రామతీర్థము కళింగాంధ్ర సీమయందున్నది. రెండవది: జినాలయములును గుహలును రామతీర్థమున నేఁటికిని గన్నులకుఁ గానవచ్చుచున్నవి. మూఁడవది: విమలాదిత్యుని శాసనములో ఆ రాజగురువును దేశిగణాచార్యుఁడునైన త్రికాలయోగి సిద్ధాంతదేవుఁడు రామకొండకు నమస్కరించినట్లు చెప్పఁబడినది. రామకొండ యనఁగా రామగిరికిఁ దెలుఁగు మాటయే కదా. నాలుగవది: శ్రీనందికి వేంగీరాజు మ్రొక్కుటయు, సిద్ధాంతదేవుఁడు వేంగీరాజునకు గురువగుటయు నొకే సంప్రదాయమును సూచించుచున్నవి.

ప్రతిపక్షమునకును బలములేకపోలేదు. విమలాదిత్యుఁడు 1011లో రాజ్యమునకు వచ్చి 1018 వఱకు నేలెను. గ్రంథమునకును శాసనమునకును నడుమ నించుమించు రెండువందల యేండ్ల యెడము కలదు. శాసనము 11వ శతాబ్దినాఁటి జైనక్షేత్రమును స్థాపించునుగాని 9వ శతాబ్దినాఁటి గ్రంథరచనను స్వయముగాఁ జెప్పదు. అయినను పేరు, దేశము, గుహలు, గురుపరంపర యను నాలుగును నొక్కచోటఁ గలియుట యాదృచ్ఛికమనుట పొసఁగదు. కాఁబట్టి రామతీర్థపక్షమే బలవత్తరమని నాకుఁ దోఁచుచున్నది. ఏ యొక్క సాక్ష్యమును దనంతఁ దాను చాలదనియు, నాలుగును గూడినప్పుడే నిర్ణయము కుదిరినదనియు పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ఈ న్యాయమే ముందు రోగవిచారమునను మనకు దారిచూపఁగలదు.

2. రామగిరి వైద్యుని మార్గము

ఉగ్రాదిత్యుఁడు తనకుఁ బూర్వులైన జైనవైద్యుల పేర్లు గొన్ని చెప్పెను. శాలాక్యమునఁ బూజ్యపాదుఁడు, శల్యతంత్రమున పాత్రస్వామి, విషగ్రహచికిత్సలయందు సిద్ధసేనుఁడు, కాయచికిత్సయందు దశరథగురువు, బాలచికిత్సయందు మేఘనాదుఁడు గ్రంథకర్తలనియు, సమంతభద్రుఁడు అష్టాంగములను విస్తరించెననియు నాతని వచనము. ఆ గ్రంథములు చాలభాగము నష్టములు. వాని జాడ తెలుపుటచేతనే కల్యాణకారకము చరిత్రకు విలువైనది.

ఈ గ్రంథమునకుఁ గల ప్రధానవిశేషము మద్యమాంసమధువులను ఔషధములలోనుండి వర్జించుట. మేహప్రకరణమున నీ నియమపు బరువు స్పష్టపడును. చరకసుశ్రుతాదులు ప్రమేహమున ఉసిరిక, పసుపు మున్నగువానిని తేనెతోఁ జేర్చి యిత్తురు. జాంగలమాంసరసములను బథ్యముగాఁ జెప్పుదురు. అహింసావ్రతుఁడైన ముని యా రెంటిని విడిచి రోగికి దారి చూపవలసివచ్చెను. శాస్త్రము నంగీకరించుచునే దానిలోని ద్రవ్యములను మరలఁ బరీక్షించు స్వాతంత్ర్యము నాఁటి వైద్యునికిఁ గలదనుట కిది నిదర్శనము. పూర్వగ్రంథమునందుఁ జెప్పఁబడినది గాన మార్పఁగూడదను వాదము వైద్యమున నెన్నఁడును సర్వసమ్మతము కాలేదు.

3. పూర్వరూపమన నేమి?

నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి యను నైదింటిచే రోగము నెఱుఁగవలెనని ఆయుర్వేదము. రోగము పూర్ణముగా వ్యక్తముగాకమునుపు కనఁబడు చిహ్నములే పూర్వరూపములు. సుశ్రుతుఁడు సూత్రస్థానమున దోషముల సంచయము, ప్రకోపము, ప్రసరము, స్థానసంశ్రయము, వ్యక్తి, భేదము అని యాఱు క్రియాకాలములను జెప్పెను. దోషము స్థానమును జేరినదశలో పూర్వరూపములు తోఁచును. అప్పుడే ప్రతిక్రియ చేయవలెననియు, ఆలస్యమైనకొలఁది రోగము బలవంతమగుననియు నాతని సిద్ధాంతము.

ప్రమేహపూర్వరూపములను జరకుఁడు నిదానస్థానమున వివరించెను. కేశములు జడలుకట్టుట, నోరు తియ్యఁబాఱుట, కరచరణములు తిమ్మిరెక్కి మండుట, నోరు దవుడలు కంఠము ఎండుట, దప్పిక, సోమరితనము, శరీరమున మలము హెచ్చుట, ఎల్లప్పుడు నిద్రయుఁ దూఁకుడును గలుగుట మున్నగునవి యందలివి. వీనితోడఁ దుమ్మెదలును చీమలును దేహమునకు మూత్రమునకు మూఁగుటయుఁ జెప్పఁబడినది. సుశ్రుతుఁడు అవయవముల జిడ్డును బరువును, మూత్రము తియ్యఁదనమును, శ్వాసదుర్గంధమును, గోళ్ళు త్వరగాఁ బెరుగుటను గూడఁ జేర్చెను.

ఇందు గమనింపవలసినవి మూఁడున్నవి. ప్రమేహములు పట్టించుకొనక విడువఁబడినయెడల కాలక్రమమున నన్నియు మధుమేహత్వమును బొందునని సుశ్రుతుఁడు చెప్పుట మొదటిది. వ్యాధి యొక్క నాఁడు తటాలున వచ్చిపడునది కాదనియు, మెట్లుమెట్లుగా నెక్కుననియు నీ వచనమున కర్థము. మధుమేహుల బిడ్డలకుఁ బీజదోషముచే వచ్చు మేహమును జరకుఁడు వేఱుచేసి చెప్పుట రెండవది. మూఁడవది వైద్యపండితులుగూడ నొకప్పుడు మఱచునది: మూత్రము పసుపువన్నెనుగాని నెత్తురువన్నెనుగాని కలదైనను, ప్రమేహపూర్వరూపములు లేనియెడల దానిని ప్రమేహమనరాదనియు, అది రక్తపిత్తప్రకోపమనియు జరకుఁడు చికిత్సాస్థానమున హెచ్చరించెను. ఒక్క చిహ్నమును జూచి రోగనామమును బెట్టరాదని యాచార్యుని శాసనము. రామగిరి నిర్ణయమునఁ బేరొక్కటి చాలదనుకొంటిమిగదా. అదియే న్యాయమిచ్చటను.

4. తెలుఁగునాట మేహశబ్దము

సంస్కృతమున మిహ్‌ధాతువు మూత్రవిసర్జనమునుఁ దెలుపును. ప్రమేహము లిరువదింటిలో మధుమేహ మొక్కటి. తెలుఁగునాట ఈ శబ్దమున కర్థవ్యాప్తి కలిగినది. మేహవాతము, మేహపుపుండ్లు, సవాయిమేహము మున్నగు పలుకుబళ్ళలో అది సుఖరోగములకును, చర్మరోగములకును, ఒంటివేఁడికిని సామాన్యనామమైనది. బసవరాజీయమువంటి తెలుఁగుతాత్పర్యముగల గ్రంథములు ప్రమేహమును శాస్త్రీయముగాఁ జెప్పుచున్నను, జనవ్యవహారమున మాట చిక్కువడినది.

ఈ చిక్కు కేవల నిఘంటువిషయము కాదు. మేహమనఁగానే వినువాని మనసున మఱియొక రోగము మెదలుటచేత నలువదేఁబది యేండ్లవారు తమ బాధను జెప్పుకొన వెనుకాడుటయుఁ గలదు. నా తండ్రిగారు తమకు మేహమున్నదని యింటఁ జెప్పక, చక్కెరలేని కాఫీ రుచి యని నెపమువెట్టుచుండిరి. పిమ్మట చక్కెరవ్యాధి, షుగరు అను మాటలు వ్యాపించి యా సిగ్గును గొంత తొలఁగించినవి. కాని వానితో మఱియొక భ్రాంతి పుట్టినది. చక్కెర తిననివానికి చక్కెరవ్యాధి రాదనుకొందురు. పళ్ళెమునిండ నన్నము తిని, కదలక కూర్చుండువానికి నీ మాట హానికరమైనది.

5. కొలత పుట్టిన కథ

పాశ్చాత్యదేశమునను తొలుత చిహ్నమే ప్రమాణము. క్రీ. శ. 2వ శతాబ్దిప్రాంతమున గ్రీకువైద్యుఁడు అరెటయస్ అతిమూత్రవ్యాధిని వర్ణించెను. 17వ శతాబ్దిలో ఇంగ్లీషువైద్యుఁడు థామస్ విల్లిస్ మూత్రపుఁ దియ్యఁదనమును నొక్కిచెప్పెను. మన సుశ్రుతునకు ఇది యెంతకాలము క్రిందటనో తెలిసిన విషయమే. అయితే 1776లో లివర్‌పూలు వైద్యుఁడు మాథ్యూ డాబ్సన్ మూత్రము నింకించి యా తీపి చక్కెరయేయని చూపుటయు, నెత్తుటియందును దీపి కలదని గుర్తించుటయు నూతనమార్గమునకు మొదలు. చీమకుఁ దెలియునది మూత్రపుఁ దీపి. నెత్తుటి తీపి చీమకుఁ దెలియదు.

బ్రిటిషు వైద్యసంఘమువారు 1907లో ఉష్ణదేశములందలి మధుమేహమును గూర్చి ప్రత్యేకముగాఁ జర్చించిరి. వంగదేశమున కూర్చుండి పనిచేయు విద్యావంతులును సంపన్నులునగువారిని ఈ వ్యాధి పట్టుచున్నదను మాట నాఁడు బలముగా వినవచ్చినది. 1921లో టొరంటోనగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు ఇన్సులినును వేఱుచేయఁగా 1922 జనవరిలో నది మొదట నొక బాలరోగికి నీయఁబడినది. 1936లో హిమ్స్‌వర్త్ మధుమేహులు రెండు తెఱఁగులవారనియు, కొందఱి దేహము ఇన్సులినునకుఁ జక్కఁగా లోఁబడుననియు, కొందఱిది లోఁబడదనియుఁ జూపెను. సుశ్రుతుఁడు సహజమేహి కృశుఁడనియు, అపథ్యమేహి స్థూలుఁడనియుఁ జేసిన విభాగము దీనికి సమీపముగాఁ దోఁచును. కాని మొదటిది రూపముఁ జూచి చేసినది, రెండవది ప్రయోగముచేఁ దేల్చినది. రెండును నొక్కటియని చెప్పుట పాఠమును దిద్దినట్లగును.

నడిమి స్థితికిఁ బ్రత్యేకనామము కలుగుట మిక్కిలి యిటీవలిది. 1979లో అమెరికాపండితులును, 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థయు 'గ్లూకోజు సహనలోప'మను వర్గమును స్థాపించిరి. 75 గ్రాముల గ్లూకోజు ద్రావిన రెండుగంటల పిమ్మట 140 మొదలు 199 మిల్లీగ్రాములలోపు వచ్చిన నది యీ వర్గమునఁ జేరును. 200, అంతకు మించినచో మధుమేహము. పరగడుపు పరీక్షలో 126 మొదలు మధుమేహము. అంతకు దిగువ 110 నుండి 125 వఱకు నడిమి స్థితియని 1997లో నేర్పఱచిరి. 2003లో అమెరికా మధుమేహసంఘమువారు ఆ గీటును 100కు దింపిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థ మాత్రము 110నే నిలుపుకొన్నది. 2010లో హెచ్‌బీఏ1సీ 5.7 నుండి 6.4 శాతమువఱకు పూర్వమధుమేహమనియు, 6.5 మొదలు మధుమేహమనియు అమెరికావారు వ్రాసికొనిరి.

ఇందువలన నొక సంగతి స్పష్టము. నడుమ గీచిన గీటు ప్రకృతి గీచినది కాదు, పండితులు గీచినది. నాకు వచ్చిన 112 రెండు మతములచేతను నడిమి స్థితియే. 104 వచ్చినవాఁడు ఒకమతమున రోగోన్ముఖుఁడు, మఱియొకమతమున నిరపాయుఁడు. అంతమాత్రమున గీటు వ్యర్థమనరాదు. ఛందస్సులో యతిస్థానము పండితులు నిర్ణయించినదే యైనను పద్యము నడక దానిచేతనే తెలియుచున్నది.

6. సామ్యమును వైషమ్యమును

నా కాగితమును జరకుని పట్టికను బ్రక్కప్రక్కన నుంచుకొని చూచినప్పుడు మొదట నాకుఁ గలిగినది సంతోషమే. దప్పిక కలదు, నిద్ర కలదు, సోమరితనము కలదు, పాదదాహము కలదు, బీజదోషము కలదు. శాస్త్రము నాఁడే యంతయుఁ జెప్పినదని నిర్ణయించి, వ్యాసమునుగూడ నట్లే వ్రాయ నారంభించితిని. పిమ్మట నా నిర్ణయము సడలినది.

వైద్యుఁడు పాదదాహమును వినిన తోడనే బి12 విటమినును బరీక్షింపవలెననెను. అది మిక్కిలి తక్కువగా నున్నది. శాకాహారులలో నిట్టిలోపము సామాన్యమనియు, పాదములు మండుటకును తిమ్మిరెక్కుటకును అదియు నొక కారణమనియు నాయన చెప్పెను. లోపము తీర్చిన నాలుగునెలలకు మంట చాలవఱకు తగ్గినది. నెత్తుటి చక్కెరలో నప్పటికి మార్పు కొంచెమే. కావున చరకుని పట్టికలోఁ జక్కఁగా నతికినదని నేను మురిసిన చిహ్నము మఱియొక తావునుండి వచ్చినది. ఆ పూఁట నేను జేసినది వ్రాఁతప్రతియందలి యక్షరమును దన కిష్టమైన పాఠముగాఁ జదువుకొను పరిష్కర్త చేసెడి తప్పే.

చక్కెరను గూర్చియు నాయన యొక్క పరీక్షతోఁ దనియలేదు. నెత్తురు తక్కువైనవారికిని, రక్తకణదోషముగలవారికిని హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టింపవచ్చును. మన యేజన్సీ గిరిజనులలో సికిల్‌సెల్ దోషముండుటచే నీ ప్రాంతమున నిది మఱింత గమనింపఁదగినది. అందుచే గ్లూకోజు త్రాగించి రెండుగంటలకుఁ జూడఁగా 158 వచ్చినది. పరగడుపు కొలత, మూఁడునెలల సగటు, సహనపరీక్ష, తండ్రి చరిత్ర యను నాలుగును గూడినప్పుడు నడిమి స్థితి నిశ్చయమైనది.

దీనినిబట్టి పూర్వరూపమునకును నేఁటి పూర్వమధుమేహమునకును గల భేదమును జెప్పవచ్చును. పూర్వరూపము రోగికిఁ దెలియునది. పూర్వమధుమేహము చాలమందికి నే బాధయు లేకయే యుండి నెత్తుటిపరీక్షలో మాత్రము కనఁబడునది. మిక్కుటమైన దప్పిక, అతిమూత్రము, మూత్రపుఁ దీపి, చీమలు పట్టుట మున్నగునవి నేఁటి లెక్కలో రాఁబోవు రోగపు గుర్తులు కావు. నెత్తుటి చక్కెర చాల హెచ్చినపుడుగాని మూత్రమున దిగదు గాన నవి వచ్చిన రోగపు గుర్తులు. ఇఁక బడలికయుఁ గునుకుపాటును థైరాయిడులోపమువలనను, నెత్తురులేమివలనను, నిద్రలో శ్వాస తడఁబడుటవలనను, స్త్రీలకు ముట్లుడుగు కాలమునను రావచ్చును. కావున రెండు తప్పులనుండి మనము తప్పించుకొనవలెను. చిహ్నమున్నదని రోగము నిశ్చయింపరాదు. చిహ్నము లేదని పరీక్ష మానరాదు. చీమలకై కాచియుండువాఁడు మిక్కిలి యాలస్యముగా మేల్కొనును.

ఇట్లనుటచేఁ బూర్వుల గౌరవము తగ్గదు. వ్యాధికి ముందొక దశ కలదనియు, ఆ దశయందే మనుష్యుఁడు పూనుకొనవలెననియుఁ జెప్పిన తత్త్వము వారిదే. ఆ దశను గుర్తించు సాధనము మాత్రము మాఱినది.

7. పథ్యవిచారము

నిదానమును జెప్పునెడ చరకుని మాట నేఁటికిని జీవముతో నున్నది. సుఖాసనము, సుఖనిద్ర, పెరుఁగు, పాలు, క్రొత్తధాన్యము, బెల్లపు వంటకములు మున్నగునవి మేహహేతువులని యాతఁడు చెప్పెను. తిండియందు మక్కువయు, స్నానమునందును నడకయందును ద్వేషమును గలవానిని, గూఁడుగల చెట్టును బక్షులవలె, మేహము వెదకికొనివచ్చునని యాతని యుపమానము. సంక్రాంతికిఁ గ్రొత్తబియ్యము, అనకాపల్లి బెల్లము నింటికి వచ్చు మన సీమవారి కీ మాట ప్రత్యేకముగాఁ దగిలినట్లుండును.

సుశ్రుతుఁడు ధనహీనుఁడైన మేహికిఁ జెప్పిన చికిత్స సుప్రసిద్ధము. చెప్పులును గొడుగును లేక, భిక్షాన్నముతో, మునివలె నూఱు యోజనములు నడువవలెను, ఆవులవెంటఁ దిరుగవలెను, నూతులు త్రవ్వవలెను. దీనిని నేఁటి మేహి యక్షరశః పాటింపరాదు. తిమ్మిరిపాదములతోఁ జెప్పులు లేక నడచిన పుండుపడి కాలికే ముప్పు వచ్చును. తాత్పర్యమును గ్రహింపవలెను. ఆ తాత్పర్యమున కిటీవల బలమైన సాక్ష్యము దొరికినది. అమెరికాలో 2002లో ప్రకటింపఁబడిన పరీక్షయందు, నడిమి స్థితిలోనివారు మితాహారముచేతను నడకచేతను బరువు తగ్గించుకొనఁగా మధుమేహము వచ్చుట 58 శాతము తగ్గినది. చెన్నపట్టణమున జరిగి 2006లో వెలువడిన భారతీయ పరీక్షలో 531 మందిని మూఁడేండ్లు గమనింపఁగా, నడవడి మార్పుచేత 28.5 శాతము, మెట్‌ఫార్మిన్ మందుచేత 26.4 శాతము తగ్గుదల కనఁబడినది. రెండునుఁ గలిపినను లాభము మిగుల హెచ్చలేదు.

ధాన్యములనుగూర్చి యొక మాట. సుశ్రుతుఁడు పాఁతవైన యవలు, గోధుమలు, ఆరికలు, శనగలు, కందులు, ఉలవలు, పెసలు మేహికిఁ బథ్యమనెను. మన ప్రాంతమునఁ బూర్వము బీదలకుఁ జోడియంబలియు, సామలును, ఉలవచారును నిత్యాహారము. వరియన్నము పండుగకూడుగా నుండి పిమ్మట నిత్యమైనది. చోళ్ళు తిన్న వ్యాధి రాదని కొందఱు నేఁడు ప్రచారము చేయుచున్నారు. చోడియంబలియుఁ బిండిపదార్థమే. పలుచగాఁ గాచి చెంబులకొలఁది త్రాగినచో నదియుఁ జక్కెరను హెచ్చించును. పొడపత్రి, నేరేడుగింజ, తంగేడుపువ్వు, మెంతులు మున్నగునవి మన వైద్యులు చిరకాలముగా వాడుచున్నారు. వానిని వైద్యుఁ డెఱుఁగ వాడుకొనవచ్చునుగాని, వానిని నమ్మి పరీక్షను వాయిదావేయుట ప్రమాదము.

ఇది కొద్దిమంది సంపన్నుల గొడవ యని యిఁక ననరాదు. భారత వైద్యపరిశోధనామండలివారు 2008 మొదలు 2020 వఱకు దేశమంతటఁ దిరిగి 1,13,043 మందిని బరీక్షించి 2023లో ప్రకటించిన ఫలితములఁబట్టి పెద్దలలో 11.4 శాతము మధుమేహులు, 15.3 శాతము నడిమి స్థితిలోనివారు. మధుమేహము పట్టణములం దధికముగా నున్నను, నడిమి స్థితి మాత్రము పల్లెకును పట్టణమునకును భేదము లేక వ్యాపించియున్నది. 1907నాఁటి చర్చలోని కచేరీ యుద్యోగి స్థానమున నేఁడు నెల్లిమర్ల రైతును, బడిపంతులును నిలిచియున్నారు.

8. ఉపసంహారము

రామగిరి రామతీర్థమే యని నేను నిర్ణయించితిని. కల్యాణకారకపు వ్రాఁతప్రతులను మరలఁ బోల్చి, వేంగీప్రశంసగల భాగమును శోధించిన పండితులు దీనిని దృఢపఱుపవచ్చును, ఖండింపనువచ్చును. నా దేహస్థితి నడిమిది యని వైద్యుఁడు నిర్ణయించెను. అదియు మరలఁ బరీక్షింపవలసినదే. రెండింటను నేను నేర్చికొన్నది, ఇష్టమైన సాక్ష్యము నొక్కదానిని గౌఁగిలించుకొని కూర్చుండరాదనుట.

పాఠశాలపండితులకు నా విన్నపము. మనము కూర్చుండి చదువువారము, కూర్చుండి వ్రాయువారము. సుఖాసనము మన వృత్తిలోనే యున్నది. పితరులలో నీ వ్యాధి గలవారును, నడుము లావెక్కినవారును, ముప్పదియైదు నలువది యేండ్లు దాటినవారును చిహ్నములకై యెదురుచూడక సంవత్సరమున కొకమాఱు నెత్తుటిపరీక్ష చేయించుకొందురుగాక. పాఠము చెప్పునపుడు పూర్వరూపమను పదమునకు నీ యర్థముగూడ విద్యార్థులకుఁ దెలుపుదురుగాక.

ఈ సంవత్సరము మాఘమున నేను మరల దుర్గకొండ యెక్కితిని. పరగడుపు కొలత 104కు దిగినది. వ్యాధిభయము తొలఁగినదని చెప్పఁజాలను. నిరుటి బండయొద్ద నిలువక గుహవఱకుఁ బోయి, శాసనాక్షరములను సాయంకాలపు వెలుఁగున నిదానముగాఁ జూచి, చీఁకటిపడకముందే దిగివచ్చితిని.